గేటత్తకో కారణం

సోమవారం

గోడా, రాసుకో. నా గదిలో నేను చెప్పింది విని రాసి శాఖకు పంపడమేగా నీ పని. పందిరూరు ఉన్నత పాఠశాల, ప్రధానోపాధ్యాయిని ఓబులేశ్వరి రోజువారీ నివేదిక. నీళ్ళు రెండు పూటలా వచ్చాయి. ఊరి మీది పందిరిలో ఈశాన్యం మూల గాజుపలక ఒకటి పగిలింది. దాని కింద ఎండ నేరుగా పడుతోంది కాబట్టి పిల్లలు అటు పోకుండా తాడు కట్టించాను. మధ్యాహ్నం సాంబారులో ఉప్పు ఎక్కువైంది, వంటామెకు చెప్పాను, ఆమె నాకు తిరిగి చెప్పింది.

ఇక అసలు సంగతి. బడికి కొత్త గేటు వచ్చింది. ఇది తెరుచుకునే ముందు మాట్లాడుతుంది.

శాఖవారికి ఈ ఊరి సంగతి తెలిసినట్టు లేదు గనక నాలుగు ముక్కలు చెప్తాను. పందిరి వేయకముందు నలభై ఏళ్ళు ఇక్కడ ముసుగు లేకుండా గడప దాటినవాళ్ళు లేరు. దాటితే ఎండకు చర్మం ఊడొచ్చేది. మగా ఆడా, పాస్టరూ పూజారీ, అందరం కళ్ళు మాత్రం వదిలేసి తల నుంచి గడ్డం దాకా చుట్టుకుని తిరిగినవాళ్ళమే. నిరుడు పందిరి పూర్తయింది, నీడ వచ్చింది, ముసుగు అవసరం తీరింది. అవసరం తీరినంత మాత్రాన అలవాటు పోతుందా? మా పిల్లలకు ఒకరి ముక్కు ఒకరికి చూపించాలంటే చచ్చే సిగ్గు. నాకూ అంతే. నా ముక్కు సంగతి నాకు తెలుసు.

అందుకని శాఖవారు మధ్యేమార్గం కనిపెట్టారు. అలవాటుకో, ఆరోగ్యానికో, అందానికో ముసుగేసుకుంటే బళ్ళోకి రావచ్చు. మతం కోసమైతే రాకూడదు. గుడ్డ ఒకటే, రంగు ఒకటే, కట్టు ఒకటే, మరి ఏది ఎందుకో ఎట్లా తెలుస్తుంది? గేటు అడిగి తెలుసుకుంటుందట.

"దయచేసి మీ ముసుగుకు కారణం తెలపండి" అంటుంది, పెళ్ళిచూపులకొచ్చిన ఆడపడుచులా తియ్యగా. పొద్దున తొమ్మిదింటికి పెట్టారు, ఇంటర్వెల్లు అయ్యేలోపు పిల్లలు దానికి గేటత్త అని పేరు పెట్టారు. ఆ పేరు నేను పెట్టలేదు. గోడా, ఆ మాట కాస్త గట్టిగా రాసుకో.

మొదటి పిల్లాడు అలవాటన్నాడు. రెండోవాడు పంటినొప్పి అన్నాడు. మూడోది మొటిమలంది. గేటత్తకు మొటిమలంటే ఏం ప్రేమో, మాట పూర్తికాకముందే తెరుచుకుంది. అంతే, ఆ తర్వాత బడి మొత్తానికి మొటిమలు లేచాయి. లెక్కల జయపాల్ సార్‌కు ఏభై అయిదేళ్ళు, ఆయన కూడా మొటిమలనే చెప్పి లోపలికి వచ్చాడు. నేను జలుబన్నాను.

పదో తరగతి సఫూరా దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఆ పిల్ల "దేవుడి కోసం" అంది. ఈ కారణం చెల్లదు, ముసుగు తీసి ట్రేలో పెట్టమంది గేటు. పిల్ల తీయలేదు. గొడవా చేయలేదు. పక్కకు తప్పుకుని, బయట అరుగు మీద కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది.

బుధవారం

హాజరు బాగుంది, ఒక్క సఫూరా తప్ప. ఆమె రోజూ వస్తుంది, రోజూ అదే మాట చెప్తుంది, రోజూ అరుగు మీద కూర్చుంటుంది. లోపలి పిల్లలు తమకు రాని లెక్కలన్నీ చువ్వల సందులోంచి ఆమెకే ఇస్తున్నారు. దానికి గేటత్తకు అభ్యంతరం ఉన్నట్టు లేదు.

శాఖవారి నియమం ప్రకారం వచ్చే సోమవారం సాయంత్రంలోగా ఆమె గేటు దాటకపోతే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే పదో తరగతి పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే పందిరి మరమ్మతు శిక్షణకు తీసుకోరు. ఆ పిల్లకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఉన్న కోరిక అదొక్కటే, పందిరెక్కి గాజులు బిగించడం. శాఖవారు ఒక్క సంగతి గమనించాలి. పందిరి మీద పనిచేసేవాళ్ళకు ముసుగు తప్పనిసరి, లేకపోతే మాడిపోతారు. ఆ ముసుగు వేసుకునే ఉద్యోగానికి కావలసిన చదువు ముసుగేసుకుంటే చదవకూడదు. ఇది ఆలోచించినవాళ్ళకు నా నమస్కారాలు. గోడా, ఈ వాక్యం కొట్టెయ్. కొట్టెయ్యవా? సరే, రాసి ఏడు.

మధ్యాహ్నం నేనే అరుగు దగ్గరికెళ్ళాను. మొటిమలని ఒక్క మాట చెప్పవే తల్లీ, బళ్ళో అందరూ చెప్తున్నారు, నీ సొమ్మేం పోయింది అని బతిమాలాను. ఆ పిల్ల నా వంక చూసి, తనకు మొటిమలు లేవంది.

"అబద్ధం చెప్పి వేసుకునేట్టయితే ఇంక వేసుకోవడం ఎందుకు మేడం?"

సరే, అబద్ధం వద్దు, ఒక్క సోమవారం పూట తీసెయ్, పేరు నిలబడుతుంది, మంగళవారం సంగతి మంగళవారం చూద్దాం అన్నాను. దానికీ తల అడ్డంగా ఊపింది.

"నాకు తీయాలనిపిస్తే నేనే తీస్తాను మేడం. గేటు తీయమంటే మాత్రం తీయను."

పిల్లలు ఇంత మొండిగా ఉంటే మా కాలంలో వీపు చిట్లేది. నాకు కోపం వచ్చింది. మెట్లెక్కి నా గదికి వచ్చేలోపు ఆ కోపం ఎవరి మీదో నాకే అర్థం కాలేదు.

గురువారం

శాఖ నుంచి పెట్టెలు వచ్చాయి. విప్పి చూస్తే మొటిమల మందు. మా బళ్ళో మొటిమలు అంటువ్యాధిలా ప్రబలినట్టు గేటు లెక్క తేల్చి పైకి పంపిందట, వాళ్ళు కంగారుపడి మనిషికో ట్యూబు చొప్పున పంపారు. డాక్టరమ్మను కూడా పంపుతారట. ఆరో తరగతి పిల్లలకు కూడా ట్యూబులు ఇచ్చాము. వాళ్ళు వాటితో గోడ మీద ఏనుగు బొమ్మ వేశారు. నీ మీదే గోడా, వెనక వైపు.

సాయంత్రం సఫూరా నానమ్మ ఖాసింబవ్వ వచ్చింది. ఈమె గురించి చెప్పాలి. ఎండ చెడిపోయిన కొత్తలో ముసుగెట్లా కట్టుకోవాలో ఊళ్ళో ఎవరికీ తెలీదు. జారిపోయేవి, ఊపిరాడేది కాదు. అప్పుడు ఊరంతా ఈమె ఇంటి ముందు వరస కట్టింది. చెవి వెనక మడత, భుజం మీద పిన్ను, దాన్నే ఇప్పటికీ ఖాసింబీ కట్టు అంటారు. నా మొదటి ముసుగు ఆమె చేత్తో కట్టిందే. అందుకే నన్ను మేడం అనదు.

మనవరాలికి నువ్వయినా చెప్పవ్వా అన్నాను. తాను మొదటి రోజే మొటిమలని చెప్పమందట. అది వింటేనా, అని నవ్వింది. తర్వాత అరుగు మీద చతికిలబడి, నవ్వు ఆపి, ఒక మాట చెప్పింది.

"నేను చదువుకునే రోజుల్లో బడి గేటు దగ్గర మనిషి నిలబడేవాడు, తీయమని చెప్పడానికి. నేను తీసి లోపలికి పోయినా. మా అక్క తీయకుండా ఇంటికి పోయింది, మళ్ళా బడి మొహం చూడలా. ఎవరం సరిగ్గా చేసినామో ఇంతవరకూ నాకు తెలీదు ఓబులమ్మా. ఆ మాట మా అక్కను అడగలేకనే సగం బతుకు అయిపోయింది."

నేను ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమే మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, గేటు వంక చూసి, దీనికి నోరుంది గదా, అడిగితే అందరినీ అన్నీ అడగమను, మా పిల్ల గుడ్డ ఒక్కటే ఏం పాపం చేసింది అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

నేను గదిలోకొచ్చి శాఖ ఉత్తర్వు మళ్ళీ చదివాను. ఈసారి చివరి దాకా చదివాను. ఆఖరున చిన్న అక్షరాల్లో ఉంది, మతసంబంధమని సందేహం కలిగే ఇతర వస్తువులను ప్రధానోపాధ్యాయిని తన విచక్షణ మేరకు జాబితాలో చేర్చవచ్చునని. చాలా రోజుల తర్వాత నాకు హాయిగా నవ్వొచ్చింది.

శుక్రవారం

ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. ఎజెండా ఒక్కటే: ముసుగు కాకుండా ఇంకా ఏ ఏ వస్తువుల మీద సందేహం ఉంది? మొహమాటం లేకుండా చెప్పండి, ఎవరి పేరూ బయటికి రాదు అన్నాను.

 ముందు సైన్సు మేడం ఎటో చూస్తూ, కొందరు మెడలో సిలువ వేసుకుంటారు కదా అంది. జయపాల్ సార్ చొక్కా గుండీ పెట్టుకుని, సిలువదేముంది, బొట్టు సంగతేంటి అన్నాడు. బొట్టంటే తెలుగు పంతులుకు పొడుచుకొచ్చి తాయెత్తు ఎత్తాడు. తాయెత్తున్న డ్రిల్లు సార్ జంధ్యం అన్నాడు. ఇంక చూడాలి, పెళ్ళి పందిట్లో వంటలు బాగాలేవని చెప్పేటప్పుడు కూడా మనవాళ్ళకు అంత ఊపు రాదు. మట్టెలు, నల్లపూసలు, పగడపుటుంగరం, గడ్డం, చేతికి కట్టిన ఎర్రదారం, చంటిపిల్లల దిష్టిచుక్క. ఒక్కరంటే ఒక్కరు తమ ఒంటి మీదది చెప్పలేదు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ మెడ, పక్కవాళ్ళ వేలు, పక్కవాళ్ళ నుదురు చూసే చెప్పారు.

నేను దేనికీ కాదనలేదు. అన్నీ చేర్చేశాను. ముగించబోతుంటే డ్రాయింగు టీచరు చెయ్యెత్తి, గుండు కూడా మొక్కే కదండీ అంది. నిజమే సుమా అని గుండూ చేర్చాను. జాబితా గేటుకు చదివి వినిపిస్తే, బట్టల కింద కనపడనివి కూడా అడగమంటారా అని గేటు నన్ను అడిగింది. అడక్కపోతే ఎట్లా తల్లీ, పక్షపాతం చూపినట్టు కాదూ అన్నాను.

ఇదంతా ఉత్తర్వు ప్రకారమే జరిగిందని శాఖవారు గమనించగలరు.

సోమవారం, సాయంత్రం

గోడా, నిదానంగా చెప్తాను, ఒక్క ముక్క వదలొద్దు.

తొమ్మిదింటికి మొదలైన వరస తొమ్మిదిన్నరకు మిఠాయి కొట్టు దాటింది, పదింటికి బస్టాండు చేరింది. ఒక్కొక్కరికీ ఎనిమిదీ పదీ ప్రశ్నలు. బొట్టుకు కారణం తెలపండి. గాజులకు కారణం తెలపండి. సైన్సు మేడం మట్టెలకు "అలవాటు" అంటే ఆమె మొగుడు వెనక స్కూటరు మీదే ఉన్నాడు, అలవాటా అని ఆమె వంక ఒక చూపు చూశాడు. ఆ ఇంటి సంగతి రేపటికి గాని తేలదు. జయపాల్ సార్ సిలువకు "ఫ్యాషన్" అని చెప్పి లోపలికొచ్చి, స్టాఫురూములో ఒక మూల కూర్చున్నాడు. టీ ఇచ్చినా తాగలేదు. ఆయన్ను చూస్తే నాకు కాస్త బాధేసింది. నేను చేసింది అల్లరే, కానీ అది ఎక్కడ గుచ్చుకుంటుందో ముందు చూసుకోలేదు.

తర్వాత తొమ్మిదో తరగతి అలివేలు వచ్చింది. వాళ్ళ నాన్న పందిరి మరమ్మతు చేసేవాళ్ళలో ఒకడు. అతను క్షేమంగా కిందికి దిగితే తలనీలాలిస్తానని మొక్కుకుంది, దిగాడు, మొన్ననే ఇచ్చింది. ఆ గుండు కనపడకుండా ముసుగేసుకుంది పాపం. ముసుగెందుకంటే గుండుకన్నది. గుండెందుకని అడిగింది గేటు. మొక్కంది పిల్ల. అబద్ధమాడితే దేవుడికిచ్చింది వెనక్కి తీసుకున్నట్టవుతుందని ఆ పిల్ల భయం.

"ఈ కారణం చెల్లదు. దయచేసి గుండు తీసి ట్రేలో పెట్టండి" అంది గేటత్త.

వరస మొత్తం గొల్లుమంది. అలివేలు ఏడవాలో నవ్వాలో తెలీక నిలబడింది. అరుగు మీద నుంచి సఫూరా లేచొచ్చి, ఆ పిల్లను తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. అరుగు మీద ఇప్పుడు ఇద్దరు.

సరిగ్గా అప్పుడే వచ్చారు శ్రీకంఠం గారు, శాఖలో ఉడుపుల అధికారి. ఈ గేటు ఆయన ఆలోచనే. వరస ఎందుకింత పొడుగుందో చూద్దామని వచ్చారట. అధికారినని చెప్పి వరస తప్పించుకుని ముందుకొచ్చారు. గేటత్తకు అధికారులు, అటెండర్లు అనే తేడా లేదు.

నుదుటి బొట్టుకు అలవాటన్నారు. ఉంగరానికి అలంకారమన్నారు. చేతి దారానికి కాస్త తడుముకుని రక్తప్రసరణ అన్నారు. తెరుచుకుంటుందని అడుగు ముందుకేశారు కూడా.

"దయచేసి మీ మొలతాడుకు కారణం తెలపండి."

గోడా, నువ్వక్కడ లేవు, నీ దురదృష్టం. బస్టాండు దాకా మెడలు సాగాయి. ఆయన మొహం ముసుగులో ఉంది కాబట్టి కనపడలేదు, కళ్ళు మాత్రం గుండ్రంగా తేలాయి. గొంతు తగ్గించి, ప్యాంటు జారకుండా అని చెప్పారు. గేటత్త గొంతు తగ్గించలేదు.

"ఒకే పనికి రెండు వస్తువులు నమోదయ్యాయి. దయచేసి బెల్టుకు కారణం తెలపండి."

పిల్లలు కింద పడి దొర్లారు. మిఠాయి కొట్టాయన తూకం ఆపేసి నవ్వాడు. నేను ముసుగేసుకుని ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను, లేకపోతే నా ఉద్యోగం అక్కడికక్కడే పోయేది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఎటు చూడాలో తెలీక, అరుగు మీద కూర్చున్న ఇద్దరు పిల్లల వంక చూశారు. ఏదో ఒకటి అడగాలి గనక, మీరెందుకు బయట కూర్చున్నారని సఫూరాను అడిగారు.

ఆ పిల్ల లేచి నిలబడింది. ఎగతాళి లేదు, కోపం లేదు. మాస్టారడిగితే జవాబు చెప్పినట్టు చెప్పింది.

"మేం నిజం చెప్పాం సార్."

నవ్వులు ఆగిపోయాయి. శ్రీకంఠం గారు చాలాసేపు ఆ పిల్లనే చూశారు. తర్వాత బెల్టు సర్దుకుని కారెక్కారు.

నాలుగింటికి కొత్త ఉత్తర్వు వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల ప్రశ్నావిధానాన్ని నిరవధికంగా నిలిపివేయడమైనదట. ఏ కారణమైనా చెల్లుతుంది వాళ్ళకు. చివరి గంట కొట్టబోయే వంటామెను ఆపి, నేనే గేటు దాకా పరిగెత్తాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో. సఫూరా గేటు ముందు నిలబడింది. గేటు ఏమీ అడగలేదు. కిర్రుమని తెరుచుకుంది. ఆ పిల్ల లోపలికి అడుగు పెట్టింది, వెనకే అలివేలు. హాజరు పడింది, పేరు నిలిచింది. అప్పుడు గంట కొట్టమన్నాను. వాళ్ళు బళ్ళో ఉన్నది ఆ గంట మోగినంతసేపే. అది చాలు.

నేను ఏడ్చాననేది వంటామె పుట్టించిన పుకారు. నాకు జలుబు.

మంగళవారం, పక్షం తర్వాత

హాజరు పూర్తి. ఉప్పు సరిపోయింది. జయపాల్ సార్ సిలువ చొక్కా పైకి వేసుకుని వస్తున్నాడు, ఎవరూ అడగకపోయినా గుండీ విప్పి మరీ.

ఇవాళ పొద్దున సఫూరా ముసుగు లేకుండా వచ్చింది.

నేను పైనుంచి చూసి మొదట గుర్తుపట్టలేదు. రెండు జడలు, కోల మొహం, గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ. బడి మొత్తం కిటికీల్లో వేలాడింది. గేటు మాత్రం నోరు మెదపకుండా తెరిచింది. ఆ గేటుకున్న బుద్ధి మాకు లేదు. పదింటికల్లా ఒక సంఘంవాళ్ళు పూలదండతో దిగారు, ఆ పిల్లను అభినందిస్తారట. వాళ్ళ వెనకే ఇంకో సంఘంవాళ్ళు దిగారు, ఎవరు బెదిరిస్తే తీసిందో తేల్చుకుంటారట. అప్పుడు వారమంతా సఫూరా అరుగు మీద కూర్చుంటే ఈ రెండు సంఘాల్లో ఒక్కడూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. రెండు గుంపులనూ బయటే నిలబెట్టాను. దండకు కారణం తెలపండి అన్నాను, నా గొంతు గేటత్త కంటే గట్టిది.

ఖాసింబవ్వ కూడా వచ్చింది. పొద్దున అడిగితే అది చెప్పలా ఓబులమ్మా, ఏమయిందో నువ్వు కనుక్కో అని గుసగుసలాడింది. ఆమెకూ తెలుసుకోవాలని అంత ఆత్రం. నాకు మాత్రం లేదా? అంత గొడవ పడ్డాను, అంత దూరం పరిగెత్తాను, నాకు ఆపాటి హక్కు లేదా అనుకుంటూ మెట్లు దిగి ఇంటర్వెల్లులో ఆ పిల్లను పట్టుకున్నాను. ఏమే, ఇవాళ ఎందుకు తీశావు అని అడిగేశాను.

సఫూరా నా కళ్ళలోకి చూసింది. మొదటిసారి ఆ పిల్ల నవ్వు మొత్తం కనపడింది నాకు, కాస్త వంకర పన్నుతో సహా.

"మొటిమలు తగ్గాయి మేడం" అంది.

చెప్పి లెక్కల క్లాసుకు వెళ్ళిపోయింది. నేను కారిడార్లో అట్లాగే నిలబడిపోయాను. సిగ్గేసింది, ఆ వెంటనే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది.

బుధవారం

ఇవాళ సఫూరా ముసుగేసుకుని వచ్చింది. చెవి వెనక మడత, భుజం మీద పిన్ను, కట్టు కుదిరింది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. నాలుక చివర ప్రశ్న దురదపెట్టింది. అటు గేటూ మాట్లాడలేదు, ఇటు నేనూ మాట్లాడలేదు. ఆ పిల్ల నమస్తే మేడం అంది, నమస్తే అన్నాను, లోపలికి పోయింది.

గోడా, రాసుకో. పదో తరగతి హాజరు పూర్తి. కారణాలు అడగలేదు.

మొటిమలు మళ్ళీ లేచినట్టున్నాయి.